అత్త చదివి వినిపించిన నవల

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. అడగడమే ఆలస్యం, "వచ్చు" అనేసేవాణ్ణి. కలకత్తా సాల్ట్ లేక్‌లో వెబ్ సిరీస్‌లు తీసే ఒక బెంగాలీ దాదా "తెలుగు చదవడం వచ్చా?" అంటే, "గడగడా!" అన్నాను. (వాట్‌గంజ్‌లో పుట్టి పెరిగిన నాకు ఇంట్లో మాట్లాడే తెలుగే తప్ప అక్షరం ముక్క రాదు.) దాదా ఒక తెలుగు నవల తెరకెక్కించబోతున్నాడు. ఓడరేవు పక్కనున్న మా డాకు వీధుల్లో పదహారేళ్ళ పిల్లలు ముగ్గురి కథ అది: బడిలో బెంగాలీ పిల్లలు కలుపుకోరు, ఇంట్లో తెలుగువాళ్ళు "ఈళ్ళేటి తెలుగు పిల్లలు" అంటారు. దానికి స్క్రిప్టు రాయడం నా పని. రెండేళ్ళు ఖాళీగా తిరిగాక దొరికిన మొదటి ఉద్యోగం. నాన్న అప్పటికే డాకంతా "మావోడు సినిమా రాస్తన్నాడు" అని చాటేశాడు.

ఇంట్లో తెలుగు చదవగలిగింది మా మేనత్త ఒక్కర్తే. పొద్దున్న పనయ్యాక గుమ్మంలో కూచుని ఆవిడ చదవడం, పక్కన నేను బెంగాలీలో రాసుకోవడం. అప్పుడప్పుడు ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, నాలుగైదు పేజీలు ఒక్కసారే తిప్పేసేది. "ఏటత్తా, అప్పుడే అయిపోనాదా?" అంటే, "అక్కడేటీ నేదురా, ఒట్టి వర్ణన" అనేది. పని తగ్గింది కదా అని నేను మురిసిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నెలకి స్క్రిప్టు తయారైంది. వినడానికి నవల రాసిన మేడమ్ వచ్చారు, ఒకప్పుడు ఇక్కడ బ్యాంకులో చేసిన పెద్దావిడ. నేను చేతులూపుతూ కథ చెప్పాను. చివర్న పిల్లలు ముగ్గురూ ఫస్టు క్లాసులో పాసై, అమ్మానాన్నల కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఆవిడ సంచిలోంచి తన నవల తీసి బల్ల మీద పెట్టారు.

"బాబూ, నా పుస్తకంలో వీళ్ళు ఇల్లొదిలి రైలెక్కి పారిపోతారు. నీ కథలో ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి అన్నం తినేస్తున్నారేమిటి?"

దాదా మొహం మాడిపోయింది. "ఎటా కీ, భాయ్? ఏమిటిది? పుస్తకం చదివావా, లేదా?"

"చదివించుకున్నాను దాదా" అన్నాను. మేడమ్ పకపకా నవ్వారు. దాదా నవ్వలేదు. మర్నాటి నుంచి రావద్దన్నాడు.

ఇంటికెళ్ళి అత్త మీద విరుచుకుపడ్డాను. "నా ఉద్యోగం ఊడగొట్టీసినావు!"

"పదారేళ్ళ పిల్లలురా! సేతిలో పైసా నేకండా రైలెక్కీసినారు. ఆళ్ళమ్మ వీధిలో నిలబడిపోనాది. నానెలాగ సదవమంటావు? అందుకే నానే కత మార్సీసి ఇంటికి తెచ్చీసినాను, తప్పేటి?" అని ఆవిడ బావురుమంది. ఉద్యోగం పోయింది నాకు, ఓదార్పు ఆవిడకి!

ఆ కోపంతోనే తెలుగు నేర్చుకున్నాను. పిల్లల వాచకం కొనుక్కుని, కూడబలుక్కుంటూ, అత్త దాటేసిన పేజీలన్నీ నేనే చదవాలని పంతం. ఆర్నెల్లకి రైలు దగ్గరికి చేరాను. ముగ్గురూ పెట్టెలో కూచున్నారు, బండి కదిలింది, నాకు ఏడుపొచ్చేసింది. పుస్తకం మూసేశాను. ఇప్పుడు జుట్టు అక్కడక్కడా నెరుస్తోంది, నాలుగు డబ్బులొచ్చే తెలుగు స్క్రిప్టులే రాస్తున్నాను, కానీ ఆ పేజీ ఇంకా దాటలేదు. తర్వాత ఆ పిల్లలేమయ్యారో అత్తకి తెలుసు. అంత రభస చేసినవాణ్ణి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?