ఉదజని సంచి ముందు కర్పూర హారతి

నీళ్ల నుంచి తీసిన వాయువుతో విమానం ఎగురుతుందంటే మీరెక్కుతారా? మా బావ దేవసహాయం ఎక్కుతానన్నాడు. యుద్ధకాలంలో విమానాశ్రయంలో బెలూన్లకు ఉదజని, అదే హైడ్రోజన్ వాయువు, నింపే పని చేసి వచ్చినవాడు, పుత్తూరులో పాత విమానం ఇంజనొకటి కొని, దాన్ని ఆ వాయువుతోనే నడుపుతానని పట్టుబట్టాడు. "నువ్వొచ్చి చెప్పకపోతే ఈ మనిషి నాకు దక్కడు" అని అక్క కార్డు రాసింది. సువార్త చెప్పుకునే నేను బైబిలు చంకన పెట్టుకుని శనివారం పొద్దున ఆరింటికి చిత్తూరులో బస్సెక్కాను.

కార్వేటినగరం మీదుగా దారి, టికెట్టు పద్నాలుగణాలు. యుద్ధం ముగిసినా పెట్రోలుకు కూపన్లే. అందుకే బస్సు వెనక బొగ్గుల పొయ్యి బిగించి ఆ గ్యాసుతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా దిగి తోశాం. "దీనికంటే నా ఎద్దులు మేలు గదప్పా" అన్నాడొక రైతు. "తోలుకోని రాకపోయినావు, వాటిని గూడా దించి తోపించేవాణ్ణి" అన్నాడు డ్రైవరు. పదకొండింటికి పుత్తూరు చేరాను.

బావ కొట్టంలో రబ్బరు పూసిన గుడ్డసంచి ఒకటి దూలాల దాకా ఉబ్బి ఉంది. కాస్టిక్ సోడా నీళ్లలో పాత అల్యూమినియం గిన్నెల ముక్కలు వేసి తీసిన వాయువట.

"ఇదంతా తాగి ఇంజను ఎంతసేపు తిరుగుతుంది బావా?"

"పావుగంట."

"మదరాసు దాకా పోవాలంటే?"

"ఇనప సిలిండర్లలో అదిమి నింపుతామప్పా."

"వాటి బరువెవరు మోస్తారు, దేవదూతలా?"

"దూతలుండారని దినామూ సెప్పేది నువ్వే గదా!"

నాకు ఒళ్లు మండింది. వాయువు తేలికే, కాదనను. దాన్ని పట్టి ఉంచే పాత్రే విమానాన్ని లేవనివ్వదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని బైబిలు తెరిచి చూపించబోయాను.

అంతలో పక్కనున్న పిండిమర మునిరత్నం పళ్లెంతో వచ్చాడు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, వెలుగుతున్న కర్పూరం. ఆ వీధిలో కొత్తగా తెచ్చిన ఇంజను ఏదీ హారతి లేకుండా తిరగదు. సంచి మూతి వైపు పళ్లెం తిప్పబోయాడు. మూతి దగ్గర గొట్టం సడలి ఉంది. నేను పళ్లెం లాక్కుని నీళ్ల తొట్టిలో ముంచేశాను.

మునిరత్నం నా చొక్కా పట్టుకున్నాడు. "మా దేవుడంటే అంత కోపమా అయ్యా?"

"దేవుడి మీద కాదు! ఆ వాయువుకు నిప్పురవ్వ తగిలితే ఈ వీధిలో మనిషి మిగలడు!"

మునిరత్నం నా చొక్కా వదిలేశాడు. "ఆడ విమానాశ్రయం గేటుకాడే అగ్గిపెట్టెలు లాక్కునేటోళ్లం" అన్నాడు బావ మెల్లగా.

"తెలిసీ ఊరుకున్నావా?"

"ప్రేమగా తెచ్చినాడు. వద్దంటే ఏమనుకుంటాడో అని..."

తెలియనివాణ్ణి క్షమించవచ్చు. పక్కింటివాడి మనసు నొచ్చుకుంటుందని పెళ్లాన్నీ వీధినీ చావు ముందు నిలబెట్టినవాణ్ణి ఏమనాలి? అక్క వంటింట్లో పొయ్యి ఆర్పి వచ్చి కొట్టం తలుపులు బార్లా తీసింది. అందరినీ వీధి చివరికి పంపి, బావ సంచిని మెల్లగా బయటికి లాగి మూతి విప్పాడు.

నాలుగింటి బస్సుకు తిరిగి వస్తూ ఆలోచించాను. ఉదజనితో విమానం నడిచే రోజు వస్తుందో రాదో నాకు తెలియదు. మొగమాటంతో మాత్రం ఏ యంత్రమూ నడవదు. ఇలాంటి కొట్టం చూడబోయేవారు బీడీ, అగ్గిపెట్టె వీధి మొదట్లోనే వదలండి. మీ ఊళ్లో తిరునాళ్ల బెలూన్లకైనా సరే, ఈ వాయువు తీసేవాడుంటే రేపటిదాకా ఆగకండి. ఈ పూటే వెళ్లండి, పొయ్యి ఆర్పించండి, తలుపులు తీయించండి. వాడు తిడితే తిట్టనీయండి. లేవండి, ఇప్పుడే!