కాగితం మీద మరక

నా కళ్ళ మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. వాట్‌గంజ్ పార్కు తోటమాలినైన నాకు గడ్డి కోసే మిషన్ ఎంచి కొనే పని అప్పగించారు. అది పాడైతే నా ఉద్యోగానికే ఎసరు. అందుకే అందరినీ అనుమానించాను. టూ-స్ట్రోక్ మిషన్ కొన్నాక, దుకాణదారు నూనె కలిపిన పెట్రోలు సీసా ఇచ్చాడు. మా బావమరిది అందులోంచి ఒక చుక్క కాగితం మీద వేశాడు. ఆరినా మరక పోలేదు.

"మంచి పెట్రోలైతే మరక మిగలదు. ఇది కల్తీ, బావా! ఏటి నమ్ముతావు ఈ కొట్టోడిని?" అంటూ సీసా పారబోసి, ఉత్త పెట్రోలు పోశాడు. కాసేపటికే ఇంజిన్ బిగుసుకుపోయి ఆగిపోయింది.

మిషన్ కొట్టుకి తీసుకెళ్తే దుకాణదారు తల పట్టుకున్నాడు. "నూనె కలిపితే మరక ఉండదా, దాదా? ఆ నూనె లేకే ఇంజిన్ పోయింది!"

పై అధికారికీ ఇదే చెప్పి, తప్పు బావమరిది మీదకు నెట్టి ఉద్యోగం నిలుపుకున్నాను. కల్పించింది బావమరిదిని మాత్రమే. నాకసలు బావమరిదే లేడు, పారబోసింది నేనే.