డెబ్బై దాకా ఊదుతానన్నాను

ఒక్క గుక్క ఊపిరితో పదిహేనేళ్ల విశ్రాంతిని ఊదేసుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే రాజాం రండి. లేచి నిలబడి పలకరించమని మాత్రం అడక్కండి, మోకాళ్లు ఒప్పుకోవు.

సన్నాయి మా ఇంటి విద్య. మా ఆవిడ పైడమ్మ అన్నయ్య సింహాచలం నాకు డోలు జోడీ. ఇద్దరికీ మీసాలు నల్లగా ఉన్న రోజుల్లో పింఛను పథకాల ఏజెంటు ఒకడు మా అరుగెక్కాడు. పెళ్లిళ్ల రాబడిలోంచి ఏటా కొంత కడుతూ పోవాలి. అది పోగై పెరుగుతుంది. మనం చెప్పిన వయసు నుంచి నెలనెలా పింఛను వస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కొంప ముంచింది ఆ తర్వాతి ప్రశ్న.

“మరి వాయించడం ఎన్నో ఏట మానేస్తారు గురుగారూ?”

సన్నాయి వాడిని ఎప్పుడు మానేస్తావని అడగడమంటే, పీటల మీద పెళ్లికొడుకుని ఎప్పుడు పోతావని అడగడమే! సింహాచలానికి మాత్రం రోషం రాలేదు.

“నాకు యాభయ్యైదు రాసీ బాబూ. ఆ తర్వాత పెళ్లికెళ్తే బోయినానికే.”

“నాకు డెబ్బై!” అని గర్జించాను. “మా తాత ఎనభయ్యో ఏట ఊదితే కొబ్బరాకులు ఊగీవి.”

మా తాత అరవై దాటలేదన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

“డెబ్బైకి నీ నోట్లో పళ్లుంటాయేటి బావా?” అన్నాడు సింహాచలం.

అంతే, సన్నాయి తీశాను. ఒక్కటే స్వరం పట్టి ఊదాను. అందుకున్నప్పుడు గుడ్లు పొదుగుతున్న కోడి, నేను దించేసరికి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతోంది. నమ్మకపోతే ఆ కోడినే అడగండి.

“ఆలస్యమయ్యేకొద్దీ నెలకి ఎక్కువొస్తాది గురుగారూ, మంచి పని సేసేరు!” అని ఏజెంటు చప్పట్లు కొట్టి డెబ్బై రాసుకుపోయాడు.

ఇప్పుడు నాకు యాభై ఏడు. సింహాచలం డోలు అటకెక్కించి, నెలనెలా పింఛను తీసుకుంటున్నాడు. నేనింకా కడుతూనే ఉన్నాను, ఊదుతూనే ఉన్నాను.

మొన్న కోటబొమ్మాళిలో పెళ్లి. తాళి కట్టే వేళ గట్టిమేళం అన్నారు. బలమంతా పెట్టి ఊదాను. సన్నాయిలోంచి సైకిల్ ట్యూబు గాలి పోయిన చప్పుడొచ్చింది. ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో, చేతిలో మజ్జిగ గ్లాసుతో మా బావ సింహాచలం.

“ఆగిపోనావేటి బావా? డెబ్బైకి శానా టయముంది, ఊదు!”

పెళ్లికూతురు కూడా నవ్వింది.

మర్నాడే ఏజెంటుని ఇంటికి పిలిపించాను. వాడికీ జుట్టు నెరిసింది.

“ఆ వయసు కాస్త మార్సు బాబూ. నా వల్ల కాదు.”

“ఈ పథకంలో మార్సడం అవదు గురుగారూ. ముందే రావాలంటే ఒకటే దారి.”

నా ప్రాణం లేచొచ్చింది. “ఏటది?”

“మీరు పోవాల. పోగైందంతా అమ్మగారి సేతికి ఒచ్చేస్తాది.”

అంతవరకూ వంచిన తల ఎత్తకుండా గోంగూర ఒలుస్తున్న పైడమ్మ, చేతిలో కట్ట కింద పెట్టింది.

“ఎంతొస్తాదేటి?”

ఏజెంటు చెప్పాడు. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా, సంతలో మేకపోతుని చూసినట్టు చూసింది. చివరికి నిట్టూర్చి లేచి, వంటింట్లోకెళ్లి మిరియాల పాలు తెచ్చి నా ముందు పెట్టింది.

“ఏటే, ఇంత ప్రేమ?”

“డెబ్బై దాకా బతికుంటే నెలనెలా వస్తాది కదేటి మావా. తాగు. తాగి ఊదు.”

కాబట్టి సన్నాయి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరైనా నా ఊపిరి సంగతి అడిగితే, అక్కడికక్కడే ఆయాసపడి చూపిస్తాను. ఈ ప్రమాణం ఇంకాస్త పొడుగ్గా చేద్దామనే అనుకున్నాను గానీ, ఊపిరి అందడం లేదు.