చెక్క పట్టని వార్నిష్

కేరమ్ బోర్డులకు వార్నిష్ కొట్టడం మా పని. తిరువూరు బస్టాండు దగ్గర రేకుల కొట్టు. వార్నిష్ కొట్టేది మా మామూ, అమ్మకు అన్న. ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి ఇచ్చేవాణ్ణి నేను. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రిని. డెబ్భైల్లో ఏ టీ కొట్టు చూసినా ఓ బోర్డు, దాని చుట్టూ పనీపాటా లేని నలుగురు. వాళ్ల పుణ్యమా అని మా రెండిళ్లూ గడిచేవి.

మామూది ఒకటే పట్టు. చివరి తుడుపు గుడ్డతో కాదు, అరచేత్తో. గుడ్డ నూగు వదులుతుంది, చెక్క నున్నదనం చేతికే తెలుస్తుంది అనేవాడు.

ఓ వానాకాలం విస్సన్నపేట నుంచి బోర్డు తిరిగొచ్చింది. స్ట్రైకర్ తగిలినచోటల్లా వార్నిష్ లేచిపోతోంది. మామూ బ్లేడుతో గళ్లు గీసి గోటితో లాగాడు. ఉల్లిపొరలా ఊడొచ్చింది. పొడిగా రాలితే వార్నిష్ చెడ్డదట, పొరగా ఊడితే కింద చెక్క పట్టుకోలేదట. చెమ్మేమో అని నాలుగు రోజులు ఆరబెట్టి మళ్లీ కొట్టాడు. మళ్లీ ఊడింది. తర్వాత నెమలి ఊరి బోర్డు, ఆ తర్వాత వినగడప బోర్డు.

నాకు నోరు ముందు, బుర్ర తర్వాత. వినగడప వాళ్లు నిలబడి ఉండగానే అనేశాను.

"నీ చెయ్యి పోయింది మామూ. ఇక ఇంట్లో కూర్చో."

ఆయన బ్రష్షు కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అమ్మ నాతో మాట మానేసింది. మానితే మానింది, ఉన్నమాటేగా అన్నాను అనుకున్నాను. సిగ్గులేని వెధవని.

ఆ వినగడప బోర్డు నేనే రుద్ది, నేనే తుడిచి, నేనే కొట్టాను. అదీ ఊడింది. తిట్టుకుంటూ మళ్లీ గీకి, రుద్ది, అరచేత్తో తుడిచాను. ఇదీ ఊడి చస్తుందిలే అని ఒళ్లు మండి చెంబులో నీళ్లు దాని మీద కుమ్మరించాను.

నీళ్లు చెక్కలోకి ఇంకాయి, కొన్నిచోట్ల తప్ప. అక్కడ చుక్కలు చుక్కలుగా నిలిచాయి. నాలుగు వేళ్ల వెడల్పు చారలు. అరచెయ్యి వాసన చూసుకున్నాను. కొబ్బరి నూనె. ఆ ఏడే ఫ్యాషనని కాలరు దాకా జుట్టు పెంచాను. పని మధ్యలో నిమిషానికోసారి చెయ్యి దాని మీదికే పోయేది.

అప్పటికి మామూ మానేసి రెండు నెలలు. పరుగున వెళ్లాను. వసారాలో చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. క్షమాపణ కూడా అరిచినట్టే చెప్పాను. తప్పు నాదని, నా నెత్తి నూనెదని, లే, పద అని.

"మీ అమ్మ పంపిందా?" అన్నాడు. పేలవంగా నవ్వాడు. "నా కోసం నింద నెత్తినేసుకోకురా. ఆ రోజు నువ్వు నిజమే చెప్పావు."

చెయ్యి పట్టుకుని కొట్టుకు లాక్కొచ్చాను. సబ్బుతో చేతులు కడుక్కుని కొత్త చెక్క తుడిచి, బ్రష్షు ఆయన చేతిలో పెట్టాను. వార్నిష్‌లో ముంచి బోర్డు మీద ఆనించాడు. వేళ్లు వణికాయి. రెండో చెయ్యి పట్టుగా వేసినా ఆగలేదు. గీత వంకరగా పోయి మూల దగ్గర కారింది.

"చూశావుగా," అని బ్రష్షు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఇంకెప్పుడూ పట్టలేదు.

పదేళ్లు ఆయన పక్కనే కూర్చుని పనిచేశాను. నేను ఆ మాట అనేదాకా ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.