పడకుండా కట్టిన పసుపు దారం

ఆసుపత్రిలో రోగులు మంచం దిగి కింద పడకుండా కాపాడటం ఎలా అన్న విషయం మీద నేను పరిశోధన చేశాను. అది మొదలయ్యాక వార్డులో మొట్టమొదట కింద పడింది నేనే. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు వార్డంతా నవ్వింది, మీరెందుకు ఆగాలి? కాకపోతే చివరిదాకా చదవండి, ఎందుకంటే ఈ కథలో గెలిచింది కూడా నేనే.

అప్పట్లో ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతూ, ఆదోనిలో ఒక ఆసుపత్రి ఎముకల వార్డులో పరిశోధన పెట్టుకున్నాను. మాది ఎమ్మిగనూరు, మగ్గం ఉన్న ఇల్లు. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. దారి పొడవునా, నా పరిశోధన వల్ల ప్రపంచం ఎంత మారబోతుందో ఊహించుకుంటూ ఉండేదాన్ని.

నా ఆలోచన ఇది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు ఒంటరిగా మంచం దిగితే పడిపోతారు. పడితే చేసిన వైద్యమంతా గంగలో కలిసినట్టే. అలాంటివాళ్ల చేతికి ఒక గుర్తు ఉంటే నర్సులు, ఆయాలు దూరం నుంచే చూసి పరుగెత్తి పట్టుకోవచ్చు. గుర్తుకేం కరువు? మా ఇంట్లో మిగిలిపోయిన పసుపుపచ్చ నూలు బోలెడు. నాలుగు పోగులు పేని ముడి వేస్తే సరి. వార్డు ఇన్‌ఛార్జి ప్రసన్న సిస్టర్‌కు చెప్పాను, నర్సులకు చెప్పాను, ఆయాలకు చెప్పాను, నేల తుడిచేవాళ్లకు కూడా చెప్పాను. రోగులకు మాత్రం చెప్పలేదు. మీరు పడిపోయే మనిషి అని ముఖం మీద అంటే బాధపడతారని నా జాలి.

మొదటి దారం నాగమ్మవ్వకు కట్టాను. మద్దికెర వైపు మనిషి. కూలికి పోతూ చేను గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. కొడుకు ఉరుకుందు తోడుగా ఉన్నాడు. తన కాళ్ల మీద తాను నడిచి ఇంట్లోకి పోవాలని అవ్వకు ఒకటే కోరిక. మళ్లీ పడితే ఇక మంచమేనని డాక్టరు చెప్పి ఉన్నారు. ఆ భయంతో ఆమె నర్సును పిలవకుండా కాలు కింద పెట్టేది కాదు.

"ఏందమ్మా ఈ దారం?"

"ఏం లేదవ్వా. ఇది ఉంటే నువ్వు పడవు. ధైర్యంగా ఉండు."

ఆ మాట అన్నది అక్షరాలా నేనే. పైగా అలవాటు కొద్దీ మూడు ముళ్లు వేశాను. అవ్వ దారాన్ని కళ్లకు అద్దుకుంది. నా పరిశోధనను ఎంత గౌరవిస్తోందో అని పొంగిపోయాను.

మర్నాటికి నా పలుకుబడి పెరిగింది. చేయి విరిగినా నిక్షేపంగా తిరిగే మనిషి వచ్చి తనకూ కట్టమన్నాడు. పక్క వార్డు నుంచి ఒకామె వచ్చింది.

"సిస్టరమ్మా, మా ఇంటాయనకు గూడ ఒకటి కట్టు తల్లీ. జరం దిగల్యా."

"ఇది జరానికి కాదమ్మా."

"దేనికైనా పన్జేస్తదంట గదా. నిమ్మకాయ తేవల్నా?"

నిమ్మకాయ అన్నప్పుడైనా బుద్ధి ఉన్నవాళ్లకు అనుమానం రావాలి. నాకు రాలేదు. ప్రజల సహకారం అమోఘంగా ఉందని ప్రసన్న సిస్టర్‌తో అన్నాను. ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది.

"నేనూ సూస్తాండా సుజాతా. రేపు నీ ముందర టెంకాయ గూడ కొడతారు."

ఒక పొద్దున నేను వచ్చేసరికి నేల అప్పుడే తడిగుడ్డతో తుడిచి ఉంది. నాగమ్మవ్వ మంచం ఖాళీ. చూస్తే ఆమె వరండాలో, గోడ కూడా పట్టుకోకుండా, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పెళ్లికి పోతున్నట్టు నడుస్తోంది. నేను కేక పెట్టాను.

"అవ్వా, యాడికి పోతాండావు? ఆడ్నే నిలబడు."

"ముఖం కడుక్కోనొస్తా. ఊరికూరికే నిన్నెందుకు పిలవల్ల? దారం ఉంది గదా."

"దారముంటే?"

"పడనని సెప్తివి గదా నువ్వే."

నాకు గుర్తు చేయడానికి దారం ఉన్న చేయి పైకెత్తి చూపించింది. అంతే, కాలు జారింది. నేను ఉరికి ఆమెను పట్టుకున్నాను గానీ, నన్ను పట్టుకునేవాళ్లు లేరు. నేను కింద, అవ్వ నా మీద. ఆమె పరుపు మీద కూర్చున్నట్టు మెత్తగా కూర్చుంది. నా చీలమండ క్షణంలో వాచిపోయింది. అవ్వ నా పొట్ట మీద కూర్చునే దారాన్ని మళ్లీ కళ్లకు అద్దుకుంది.

"సూస్తివా తల్లీ, పడనీల్యా."

ప్రసన్న సిస్టర్ అవ్వను మంచం చేర్చి డాక్టరుకు చూపించింది. ఆపరేషన్ చేసిన చోట ఏమీ కాలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా జేబులోంచే ఒక దారం తీసి నా చేతికి కట్టింది.

"నువ్వు గూడ ఒక్కదానివే నడవగూడదు. రూలు రూలే."

వార్డంతా నవ్వింది అన్నానే, అది ఇప్పుడే. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది, లోపల భయం కూడా. నా దారం లేనన్నాళ్లూ అవ్వ క్షేమంగా ఉంది. కాపాడతానని వచ్చిన నేనే ఆమెను నడిపించి పడేయబోయాను.

సరిగ్గా అప్పుడు ఉరుకుందు టీ గ్లాసు పట్టుకుని తీరిగ్గా వచ్చాడు. నా కోపానికి మనిషి దొరికాడు.

"ఇంతసేపు యాడికి పోయినావన్నా?"

"టీ తాగను పోతి. ఆడ మా ఊరి ఆయప్ప కనపడితే పత్తి సంగతి మాట్లాడతాంటిమి."

"ఈడ మీయమ్మ పడబోయింది."

"పడదని దారం కడితిరి గదక్కా. అందుకే నిమ్మళంగా పోయినా."

అంటే నా దారం రోగిని లేపింది, తోడున్నవాణ్ని బయటికి పంపింది. ఒళ్లు మండిపోయింది. నా చేతి దారం ఊడబీకి అతని చేతికి కట్టాను.

"ఇది ఇప్పేదాకా నువ్వు మంచం కాడనే ఉండల్ల. మీయమ్మ దిగితే నువ్వే పట్టుకోవల్ల. నేనే ఇప్పుతా, నువ్వు ఇప్పగూడదు."

ఉత్త కోపంతో అన్న మాటలే. కానీ ఉరుకుందు ముఖం మారిపోయింది. గ్లాసు కింద పెట్టి, చెప్పులు మంచం కిందికి తోశాడు.

"కంకణమా అక్కా?"

పెళ్లికైనా మొక్కుకైనా కంకణం కట్టుకున్నవాడు దాన్ని విప్పేదాకా ఊరి పొలిమేర దాటడు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎమ్మెస్సీలో చేరాక మర్చిపోయాను.

"కంకణమే అనుకో."

"మరి అన్నానికి?"

"ఇంకొకర్ని కూర్చోబెట్టి నన్ను పిలువు. దారం వాళ్ల చేతికి మారుస్తా. అప్పుడు పో."

సాయంత్రం దాకా అతను కదల్లేదు. టీ కొట్టాయన గ్లాసు కోసం వస్తే, "కంకణంలో ఉండాన్నా, గడప దాటగూడదు" అని కిటికీలోంచి అందించాడు. అవ్వ కాలు కదిపితే చాలు, లేచి నిలబడేవాడు. కుర్చీలో కాలు చాపుకుని చూస్తున్న నాకు సంతోషంతో వాపు నొప్పి కూడా తెలియలేదు.

జరిగిందంతా నా పరిశోధన చూసే గైడు మేడమ్‌కు దాచకుండా చెప్పాను. ఆమె, ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నాక మళ్లీ మొదలుపెట్టాను. రోగుల దారాలన్నీ విప్పి, ఇందులో మహిమేమీ లేదు, మా ఇంటి నూలు అంతే అని ఒక్కొక్కరికీ చెప్పాను. నిమ్మకాయ ఆమె నా మీద అలిగింది. దారం తోడున్నవాళ్ల చేతికి మారింది, అది దేనికో వాళ్ల నోటితోనే చెప్పించాకే ముడి వేశాను. నేనున్నన్నాళ్లూ ఆ వార్డులో మళ్లీ ఎవరూ పడలేదు, నాతో సహా. పక్క వార్డు సిస్టర్లు దారాలు అడిగి పట్టుకుపోయారు. తర్వాత కాలేజీలో ఇదంతా వివరిస్తే చప్పట్లు మోగాయి. చాలాసేపు మోగాయి, రాయడానికి నాకేం మొహమాటం లేదు.

అయితే నా అసలు విజయం అంతకుముందే ఆదోనిలో చూశాను. అవ్వ ఇంటికి పోయే రోజు, వాకర్ పట్టుకుని గేటు దాకా తన కాళ్లతో నడిచింది, పక్కన ఉరుకుందు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆటో దగ్గర అతను చేయి చాపాడు.

"ఇంగ ఇప్పక్కా."

కత్తెర తీశాను. అవ్వ నా చేయి పట్టి ఆపింది.

"ఇప్పొద్దు తల్లీ. పుట్టినకాన్నించి వీడు ఒక్కకాడ నిలబడింది ఇప్పుడే. ఇంటికాడ గూడ ఉండనీ."

ఉరుకుందు దీనంగా నావైపు చూశాడు. నేను ప్రసన్న సిస్టర్ వైపు చూశాను. ఆమె ఆటో అతనితో, "బండి పోనీ అప్పా" అంది.

కాబట్టి పాఠకులారా, ఆ తడి నేల మీద ఒట్టు. దేనికి కడుతున్నానో, ఎప్పుడు విప్పుతానో ముందే చెప్పకుండా ఈ జన్మలో ఎవరి చేతికీ దారం కట్టను. ఉరుకుందు మీకెక్కడైనా కనిపిస్తే, కత్తెర నా జేబులోనే ఉందని చెప్పండి. వాళ్లమ్మను అడిగి రమ్మనండి.