పన్నెండున్నరకి పోయే కరెంటు

ఏప్రిల్ ఎండల్లో మొదలయ్యే తమిళ చిత్తిరై నెల, రెండో బుధవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకి మా ఇంట్లో మొదటిసారి కరెంటు పోయింది. ఆ రోజుల్లో నేనింకా చిన్నదాన్నే, అరవై ఒకటి నిండలేదు. (నవ్వకండి. డెబ్బై రెండులో కూర్చుని చూస్తే అరవై ఒకటి పసితనంగానే కనిపిస్తుంది. మేడ మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కేదాన్ని. కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించేదాన్ని.) నూలు మిల్లు లెక్కల విభాగం నుంచి రిటైరై ఏడాది కూడా కాలేదు. అన్నేళ్లూ ఎక్కడో ఒక తేడాని వెతికిపట్టుకుని సరిచేసి గాని ఇంటికి రాని మనిషికి, ఒక్కసారిగా వెతకడానికి ఏ తేడా లేకుండా పోతే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. పప్పు డబ్బాలకి చీటీలు అంటించాను. చీటీలు అంటించిన డబ్బాలని ఎత్తు ప్రకారం సర్దాను. ఇక సర్దడానికి మా ఆయన తప్ప ఏమీ మిగలని సమయంలో, దేవుడు పంపినట్టు, కరెంటు పోయింది.

పోయిందంటే వీధంతా పోలేదు. ఎదురింటి టీవీలో ఎవరో ఏడుస్తూనే ఉన్నారు. మా ఇంట్లో మాత్రం వసారాలో ఉన్న డబ్బాలో ట్రిప్ స్విచ్చు టక్కుమని కిందికి పడింది. తమిళం నడిచే ఈ సముద్రపు ఊళ్లో, ముదలియార్‌పేటలో మాది పాత ఇల్లు. నేను రిటైరైన కొత్తలో వైరింగు మార్పించి, పట్టుబట్టి ఆ స్విచ్చు పెట్టించాను. కరెంటు దారి తప్పి గోడలోకో నేలలోకో మనిషిలోకో కారితే చాలు, అది ఇల్లంతా ఆపేస్తుంది. ఎత్తితే మళ్లీ పడుతుంది. ఓ అరగంట పోయాక ఎత్తితే ఏమీ జరగనట్టు బుద్ధిగా నిలబడుతుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే వేళకి టక్కు. ఆ మర్నాడూ అంతే. ఆదివారం ఒక్కటే సెలవు. ఆఫీసు గుమాస్తాలాగా.

మా వెనక పోర్షన్‌లో పిండక్క అద్దెకి ఉండేది. (ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది కాబట్టి వీధికంతా పిండక్క. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, అందుకని ఇక్కడి వాడుకలో 'మా' అని పిలుస్తాం, అమ్మా అన్నట్టు.) విల్లియనూరు పక్క మన తెలుగువాళ్ల పిల్లే. భర్త పోయాక ఒక గ్రైండరుతో, ఇద్దరు ఆడపిల్లలతో మా ఇంటికి వచ్చింది. సాయంత్రం నాలుగయ్యేసరికి వీధిలో వాళ్లందరూ గిన్నెలు పట్టుకుని వెనక వాకిట్లో నిలబడేవాళ్లు. అందుకని ఆమె మధ్యాహ్నం పన్నెండుకి గ్రైండరు వేసేది. ఆదివారం వేసేది కాదు. ఇక మా ఆయన తీర్పు చెప్పడానికి ఏం అడ్డం? ఆయన సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసిన మనిషి. విచారణ కంటే ముందు తీర్పు రాసేయడం అక్కడి అలవాటు.

"గ్రైండరే. ఇంకేంది ఉండాది ఈ ఇంట్లో ఆ వేళకి తిరిగేది?" అన్నారు, మేడ మీద కాకికి అన్నం పెట్టి దిగి వచ్చి, ఆగిపోయిన ఫ్యాను కింద కంచం ముందు కూర్చుంటూ. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి రోజూ మొదటి ముద్ద కాకికి పెట్టిగాని ఆయన అన్నం ముట్టేవారు కాదు. ఇక్కడ అందరూ చేసేదే. (ఆదివారం మా ఇంట్లో చేప కాబట్టి ఆ రోజు కాకికి ఉండేది కాదు.)

నేను మాత్రం పద్ధతి ప్రకారం పోయాను. డబ్బాలో పెద్ద స్విచ్చు పక్కన నాలుగు చిన్న స్విచ్చులు ఉన్నాయి. ఒక్కోటి దించి చూశాను. మూడోది దించితే పెద్దది నిలబడింది. మూడోది వెనక పోర్షన్‌ది. మా ఆయన మొహం వెలిగిపోయింది, ట్యూబులైటు లేకుండానే.

"చూసినావా? నేను సుమ్మా ఊరికే చెప్తానా?"

కావాలంటే ఆ మూడోది దించి పెట్టుకుని మా ముందు భాగంలో ఫ్యాను వేసుకోవచ్చు. వాళ్లకి లేనప్పుడు మనకెందుకని నేను ఒప్పుకోలేదు. అది న్యాయం కోసమని ఆయనకి చెప్పాను. అసలు సంగతి ఇప్పుడు చెప్తే తప్పేమీ లేదు: ఆ అరగంట నాకు నచ్చడం మొదలైంది. ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కళ్లకి కనపడుతూ, తూగుతూ, ఆగేవి. ఫ్రిజ్జు ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి ఊరుకునేది. వెనక గ్రైండరులో రాయి బరువుగా ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచిపోయేది. మా ఇంట్లో అన్ని చప్పుళ్లు ఉన్నాయని అవి పోయేదాకా నాకు తెలియదు. అవన్నీ పోయాక తూర్పు కిటికీలోంచి సముద్రపు గాలి ఒక్కటే మిగిలేది, తెరని లోపలికి ఊది, కాసేపు ఆగి, మళ్లీ వెనక్కి పీల్చుకుంటూ. నడివేసవి కత్తిరి ఎండలో బయట గోడలన్నీ తెల్లగా మండుతుంటే లోపల ఎర్రటి గచ్చు నేల చెరువు అడుగులా చల్లగా ఉండేది. పిండక్క వచ్చి నడవలో గోడకి ఆనుకుని కూర్చునేది. రెండు చేతులకీ పిండి ఆరిపోయి, తెల్ల గ్లౌజులు తొడుక్కున్నట్టు, వాటిని ఒళ్లో పడకుండా ఎత్తి పట్టుకునేది. ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లం. ఒక్కోసారి ఆమె మాట మధ్యలోనే నిద్రపోయేది, చేతులు మాత్రం గాల్లోనే.

ఎలక్ట్రీషియన్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ సాయంత్రమే, అన్నీ సక్రమంగా ఉన్నప్పుడు. గ్రైండరు చూశాడు, బాగానే ఉందన్నాడు. చివరికి, "ఆ ట్రిప్ స్విచ్చు తీసేసి డైరెక్టుగా ఇచ్చేస్తానమ్మా. ఇంక ఎప్పటికీ పడదు" అన్నాడు.

"పడకుండా చేయమనలేదయ్యా. ఎందుకు పడుతోందో చెప్పమన్నా" అన్నాను.

"అది తెలిస్తే చెప్పనా అమ్మా?"

నేను వద్దన్నాను. తేడా ఉందని చెప్పే స్విచ్చుని తీసేస్తే తేడా పోదు కదా. మా ఆయన వెంటనే, "అయితే ఆమెని ఖాళీ చేయమనాల" అన్నారు. అన్నంతపనీ చేశారు. నెలాఖరుకి ఇల్లు చూసుకోమని మర్నాడు ఉదయమే చెప్పేశారు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది గాని పిండక్క నడవలోకి రాలేదు. నేనే వెనక్కి పోయాను. గ్రైండరు పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఆ స్విచ్చు తీసేయమను అక్కా. పక్కింట్లో లేదు, ఎదురింట్లో లేదు. వాళ్లంతా బతకలేదా?" అంది.

"అట్లా తీయకూడదు మా."

"యాడికి పోయేది నేను? ఇంకో వీధికి పోతే గిన్నె తీసుకుని ఎవరు వస్తారు నా దగ్గరికి? పిల్లల ఫీజు ఎవరు కట్టేది? నీకు లెక్క సరిగ్గా ఉండాల, అంతే. మనిషి ఎట్లా పోయినా సరే."

ముప్పై ఏళ్లలో మిల్లులో నన్ను చాలామంది చాలా అన్నారు. ఏదీ అంత సూటిగా తగల్లేదు. ఎందుకంటే నిజంగానే, ఒక్క మాట అంటే ఆమె ఇల్లు నిలుస్తుంది. ఆ మాట నా నోట్లోనే ఉంది. రాలేదు.

ఇంతలో చిత్తిరై పోయి వైకాసి నెల వచ్చింది. విల్లియనూరు గుడిలో తేరు, రథోత్సవం. పిండక్క తన అక్క ఇంట్లో చుట్టాలకి రుబ్బాలని పిల్లలతోపాటు గ్రైండరుని కూడా ఆటోలో ఎక్కించుకుని పోయింది. (ఆటోవాడు గ్రైండరుకి కూడా టికెట్టు అడిగాడట.) వెనక పోర్షన్‌కి తాళం. ఆమె ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పోయే ముందు నేనే దగ్గరుండి తీయించాను. మర్నాడు పన్నెండున్నరకి వంటింట్లో నిలబడి చెవులు రిక్కించుకుని విన్నాను.

టక్కు.

"గ్రైండరు విల్లియనూరులో ఉండాది, ట్రిప్పు ఇక్కడ అయింది!" అని అరిచాను. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆయన యాడ? మేడ మీద. నిన్న కరెంటు పోయినప్పుడు యాడ? మేడ మీద. మొన్న? చేతిలో సాంబారు గరిటె ఉండగానే మెట్లెక్కాను. ఎక్కుతుంటే అప్పుడు గుర్తొచ్చింది: మూడో స్విచ్చు వెనక పోర్షన్‌కి మాత్రమే కాదు. మెట్ల లైటుకి, మేడ మీద లైటుకి కూడా అదే లైను. వైరింగు చేసినప్పుడు నేనే దగ్గరుండి చూశాను.

మేడ మీద మెట్ల గది గోడకి ఒక ఇనుప పెట్టె. అందులో లైటు స్విచ్చు, ఒక ప్లగ్గు. దాని పైభాగం బల్లలాగా చదునుగా, మనిషి నడుము ఎత్తులో ఉంటుంది. అన్నం పెట్టడానికి దానంత వాటమైన చోటు మేడ మీద ఇంకోటి లేదు. మా ఆయన చెప్పుల్లేకుండా నిలబడి, ఆ పెట్టె మీద ముద్ద పెట్టి, చెంబుతో దాని చుట్టూ మూడుసార్లు నీళ్లు తిప్పి పోసి, ఒక చేత్తో పెట్టెని పట్టుకుని, కళ్లు మూసుకుని పిలుస్తున్నారు: "కా... కా... రా మా, చల్లారిపోతుంది." రెక్కలో ఒక ఈక వంగిన కాకి టీవీ డిష్ మీద కూర్చుని, ఆలస్యమైనందుకు విసుక్కుంటున్నట్టు చూస్తోంది. మూడు చుట్ల నీళ్లూ పెట్టె అంచు పట్టుకుని లోపలికి దిగుతున్నాయి. ఎండకి ఓ అరగంటలో ఆరిపోతాయి.

"చెయ్యి తీయండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఉలిక్కిపడి చెంబు వదిలేశారు. కాకి ఎగిరిపోయింది.

ఎలక్ట్రీషియన్‌ని ఈసారి సాయంత్రం దాకా ఆగనివ్వలేదు. మూత అంచు రబ్బరు ఆ ఏటి ఎండలకి చిట్లిపోయి ఉంది; తీస్తే లోపల మెతుకులు, చీమలు, తడిసిన వైర్లు. ఎర్త్ వైరు ఉప్పుగాలికి తుప్పు పట్టి ముట్టుకుంటే రాలిపోయింది. అతను ఆ తుప్పుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత నా వైపు కాకుండా ఆయన వైపు తిరిగి, "సార్, ఆ స్విచ్చు తీసేసి ఉంటే..." అని అక్కడే ఆపేశాడు. రోజూ మధ్యాహ్నం ఇల్లంతా ఆపేసి విసిగించిన ఆ చిన్న ముక్క, రోజూ మా ఆయన్ని వెనక్కి లాగి నాకు అప్పజెబుతూ వచ్చింది. నేను అరగంట చల్లటి నేల అనుకుని సుఖపడిన వేళ అసలు అది. మెట్ల మీదే కూర్చుండిపోయాను, గరిటెతో సహా.

తేరు నుంచి తిరిగొచ్చిన పిండక్కకి ఆయనే స్వయంగా పోయి చెప్పారు. సర్కారు ఆఫీసులో క్షమాపణ ఎట్లా చెప్పాలో నేర్పరు కాబట్టి, పెద్ద గిన్నె ఒకటి పట్టుకుపోయి వాకిట్లో వరసలో నిలబడి, "ఇంక రోజూ పిండి నీ దగ్గరే తీసుకుంటాం మా" అన్నారు.

"కాకికి కూడా దోసెలేనా అన్నా?" అంది పిండక్క. వరసలో వాళ్లందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా. ఆమె నా వైపు చూసింది. గిన్నెలో ఒక గరిటె ఎక్కువ పోసింది. గ్రైండరు మళ్లీ పన్నెండుకి మొదలై ఎక్కడా ఆగకుండా తిరుగుతూ ఉండిపోయింది. ఇక నడవలో కూర్చోవడానికి ఆమెకి తీరిక యాడిది?

పెట్టెని పీకించి స్విచ్చుని మెట్ల గది లోపల పెట్టించాం. ఆయన ముద్దని పిట్టగోడ మీదికి మార్చారు. మర్నాడు ఆ వంగిన ఈక కాకి వచ్చింది. పెట్టె ఉండే చోట గోడ మీద మిగిలిన నాలుగు మేకు బొక్కల్ని తల ఒకవైపు వంచి చూసింది. ముద్ద ముట్టకుండా పోయింది. వేరే కాకులు వచ్చి తినేవి. ఆయన మాత్రం చాలా రోజులు మెట్ల తలుపు దగ్గర నిలబడి ఆకాశంలోకి చూసేవారు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిట్టగోడ ఎత్తు ఎక్కువైందేమోనని టేపుతో కొలిచి, పాత పెట్టె ఎత్తుకి సరిగ్గా సరిపోయేటట్టు ఒక చెక్క పీట చేయించి, దాన్ని పాత చోటే పెట్టి, ఎర్రటి ఎండలో నిలబడి "కా... కా..." అని పిలిచాను. ఎత్తులో నూలుపోగంత తేడా లేదు. అరవై ఒకటో ఏట, లెక్క సరిపోతే కాకి వచ్చితీరాలనే నమ్ముతారు.

ఆ వేసవిలో పోయినవి ఇవీ: పులిసి పారబోసిన పిండి రెండు గిన్నెలు, స్విచ్చు మళ్లీ ఎత్తడం మరిచిపోయిన ఒక రోజు ఫ్రిజ్జులో చెడిపోయిన వంజరం చేప ముక్కలు ఆరు, రాగి చెంబుకి ఒక సొట్ట, ఒక కాకి.