అంటుకుపోయిన పుటలు

ఆరేళ్లపాటు మందిరంలో ఆ తల్లీకూతుళ్ల చోటు గుమ్మం పక్కన, గొడుగులు తగిలించే మూల. వానొస్తే ఆ గొడుగుల నీళ్లన్నీ వాళ్ల ఒళ్లోనే. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నా సరే. "ఆ ఇంట్లో దాచిన పాపమేదో ఉంది, అందుకే పిల్లకు మూర్ఛ" అని బోధకుడు ఒక ఆదివారం మైకులో అన్నాడు. అప్పట్నుంచీ అంతే. తల్లి ప్రతి ఆదివారం పిల్లను తీసుకుని ఆ మూలకే వచ్చి కూర్చునేది.

పాత పుస్తకాలకు బైండింగ్ చేసే పని ఆమెది. వేళ్లకు ఎప్పుడూ మైదాపిండి జిగురే. అందరికీ జిగురక్క.

"జిగురు నోటికి కూడా రాసుకున్నావా ఏంటే, ఎదురడగవు?" అనేది పక్కింటి పిన్ని.

నవ్వేసి పనిలో పడేది. లోపల మాత్రం ఆ పాపమేమిటో వెతుక్కుంటూనే ఉండేది. చిన్నప్పుడు ఆడిన అబద్ధాలు, అమ్మను విసుక్కున్న రోజులు, అన్నీ తవ్వుకునేది.

ఈమధ్య బోధకుడు ఇంకో మెట్టెక్కాడు. "వచ్చే ఆదివారం పిల్ల మాత్రలన్నీ తెచ్చి ఈ బల్లమీద పెట్టమ్మా. మాత్ర మింగే ఇంట్లో విశ్వాసం నిలవదు." ఆమె తలూపింది. పనిలో పనిగా తన బైబిలు గ్రంథం వీపు అట్ట ఊడిందని, బాగుచేసి తెమ్మని అదీ ఆమె చేతిలోనే పెట్టాడు.

మంగళవారం మధ్యాహ్నం. కిటికీ ఎండలో కాగితపు నలుసులు నెమ్మదిగా ఈదుతున్నాయి. పక్కన కూతురు దారానికి మైనం రాస్తోంది. కుట్టే ముందు ప్రతి పుటా తిప్పి వరస చూసుకోవాలి. ఆ పనికి అదే నియమం. బోధకుడి గ్రంథంలో దీవెనల పుటలు నలిగి, ఎర్రగీతలతో నిండిపోయాయి. మిగతా చోట్ల అంచుల బంగారుపూతతో అంటుకున్న పుటలు ఇంకా విడిపోనే లేదు. ఇరవై ఏళ్ల పుస్తకం!

సన్నకత్తితో ఒక్కొక్కటీ విడదీసింది. నిద్రలో ఎవరో పెదవులు విప్పినంత చప్పుడు. అలా విడిన ఒక పుటలో పుట్టుగుడ్డివాడి కథ. ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగారు. వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు ప్రభువు.

గది నీళ్లలోకి జారినట్టయింది. ఆ గొడుగులు, ఆ బెంచీలు, ఆరేళ్ల ఆదివారాలు ఎక్కడో అడుగున మెల్లగా కదులుతున్నాయి.

"ఏంటమ్మా, వరస తప్పిందా?"

"వరస బాగానే ఉంది తల్లీ. ఇన్నాళ్లూ నేనే తిప్పి చూసుకోలేదు."

ఆదివారం బల్లమీద గ్రంథం ఒక్కటే పెట్టింది.

"మాత్రలేవమ్మా?" అన్నాడు బోధకుడు.

"పొద్దున ఒకటి వేశానండి. మిగతావి ఇంట్లో ఉన్నాయి. పుట్టుగుడ్డివాడి దగ్గర దారం పెట్టాను అయ్యగారూ, కాస్త అందరికీ చదివి వినిపించండి."

"నాకే వాక్యం నేర్పుతున్నావా?"

"అయ్యో, నేనెంతదాన్నండి! అంటుకుపోయాయి, విడదీశాను."

ఆయన తెరవలేదు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని మూడో బెంచీ దాకా నడిచింది. అక్కడ కూర్చున్న పక్కింటి పిన్ని జరిగి చోటిచ్చింది. "కూర్చోవే. నా చీరకు జిగురు అంటించావంటే మాత్రం ఊరుకోను!"

పిల్లకు మూర్ఛ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. మాత్రలూ నడుస్తున్నాయి, ప్రార్థనా నడుస్తోంది. రోజుకు నాలుగు పుటలు, ఒక్కటీ దాటెయ్యకుండా చదువుకుంటుంది జిగురక్క. బోధకుడి కోసం కూడా ప్రార్థిస్తుంది. ఆయనకు భయపడటం మాత్రం మానేసింది.

మీ మందిరంలోనూ గుమ్మం పక్కన ఒక తల్లి ఉందేమో చూడండి. ఈ ఆదివారమే లేచి వెళ్లి ఆమెను లోపలికి తీసుకురండి. మందులు మానమని ఎవరైనా చెబితే, ఆ మాట ఏ పుటలో ఉందో చూపించమని అక్కడికక్కడే అడగండి. అడగాలంటే ముందు మీ పుటలు మీరు విడదీసి ఉండాలి.